పాత కాలనీలో ఉండాలా, కొత్త శివారుకు వెళ్ళాలా?

వైద్యవృత్తి నుంచి విరమించిన తరువాత కూడా నా పాత రోగులు కొందరు ఫోన్ చేస్తూనే ఉంటారు. ఒకప్పుడు వారి ప్రశ్నలు రక్తపోటు గురించి, మధుమేహం గురించి ఉండేవి. ఈ మధ్య మరొక ప్రశ్న తరచుగా వినవస్తోంది. "డాక్టరు గారూ, అబ్బాయి అవుటర్ రింగ్ రోడ్డు దగ్గర ఫ్లాట్ కొన్నాడు. ఈ పాత ఇల్లు అమ్మేసి మమ్మల్ని కూడా అక్కడికి వచ్చేయమంటున్నాడు. ఈ వయసులో వెళ్ళడం మంచిదేనంటారా?"

చాలాకాలం ఈ ప్రశ్నకు నేను తడుముకోకుండా సమాధానం చెప్పేవాడిని. "ఆసుపత్రికి దగ్గరగా ఉండండి, తెలిసిన మనుషుల మధ్య ఉండండి. ఉన్నచోటు నుంచి కదలకండి." నిరుడు అదే ప్రశ్న మా ఇంటికే వచ్చింది. నేను ఇన్నాళ్ళూ ఇచ్చిన సలహాలో ఎంత పెద్ద లోపం ఉన్నదో అప్పుడు గాని నాకు తెలియలేదు. ఆ లోపమేమిటో మీకు చెప్పడానికే ఈ వ్యాసం.

మేము 1993 నుంచి హబ్సిగూడలో ఉంటున్నాము. మూడంతస్తుల పాత అపార్ట్‌మెంటులో పై అంతస్తు మాది. ఆ కాలంలో కట్టిన అనేక భవనాల్లాగే దానికీ లిఫ్టు లేదు. మేము వచ్చిన కొత్తలో బంధువులు "ఊరికి అంత దూరంగా ఎందుకు కొన్నారు?" అని అడిగారు. అప్పటికి అది శివారే. ప్రాంతీయ పరిశోధనాశాల, భూభౌతిక పరిశోధన సంస్థ, 1958లో కూనూరు నుంచి హైదరాబాదుకు తరలివచ్చిన జాతీయ పోషకాహార సంస్థ, వాటిలో పనిచేసే ఉద్యోగుల ఇళ్ళు, ఒక పక్క ఉస్మానియా విశ్వవిద్యాలయం చెట్లు. ఇప్పుడు అదే ప్రాంతం నగరం నడిబొడ్డు వంటిది. 2017 నవంబరులో మెట్రో రైలు కూడా వచ్చింది. మందుల షాపు, కూరగాయల బండ్లు, బ్యాంకు, గుడి, రక్తపరీక్షల కేంద్రం, అన్నీ పది నిమిషాల నడకలో ఉన్నాయి.

మా అబ్బాయి కొల్లూరులో ఫ్లాట్ కొన్నాడు. 158 కిలోమీటర్ల అవుటర్ రింగ్ రోడ్డు పడమటి భాగానికి ఆనుకొని, మా ఇంటికి ముప్పై కిలోమీటర్లకు పైబడిన దూరంలో ఉన్నది. పద్నాలుగో అంతస్తు, విశాలమైన గదులు, కింద నడకదారి, తోట. "నాన్నా, ఇదే టవర్‌లో ఇంకొక చిన్న ఫ్లాట్ అమ్మకానికి ఉంది. హబ్సిగూడ ఇల్లు అమ్మేయండి. మేము పక్కనే ఉంటాం" అన్నాడు. వాడి మాటలో ప్రేమ ఉంది, భయమూ ఉంది. నాకు 71 ఏళ్ళు, నా శ్రీమతికి 66.

నేను అలవాటు ప్రకారం ఒక తెల్లకాగితం తీసుకొని నిలువునా గీత గీశాను. ఎడమవైపు హబ్సిగూడ, కుడివైపు కొల్లూరు.

మొదటి వరుసలో రాసినది అత్యవసర వైద్యం. దీనికి ఒక కారణముంది. నాతో కలిసి పనిచేసిన ఒక మిత్రుడు పదవీ విరమణ తరువాత నగరానికి దూరంగా కొత్త విల్లాలోకి మారాడు. ఒకనాటి రాత్రి తొమ్మిదింటికి భోజనం చేస్తుండగా చేతిలోని ముద్ద జారిపోయింది, మాట ముద్దగా వచ్చింది. పక్షవాతమని ఆయనకే అర్థమైంది. కాని కొత్త లేఅవుటులో ఇంటి నంబర్లు వరుసగా లేవు. అంబులెన్సు చాలాసేపు గేట్ల చుట్టూ తిరిగింది. దగ్గరలో ఉన్న చిన్న ఆసుపత్రిలో ఆ వేళ సీటీ స్కాన్ తీసే మనిషి లేడు. అక్కడి నుంచి మరొక ఆసుపత్రికి పంపారు. సరైన చికిత్స చేసే చోటికి చేరేసరికి రాత్రి రెండు దాటింది. ఆయన బతికాడు. కాని నలభై ఏళ్ళు మందులచీటీలు రాసిన కుడిచేయి ఇప్పటికీ చెంచా పట్టుకోలేదు.

మెదడులో రక్తనాళం మూసుకుపోయినప్పుడు గడ్డను కరిగించే మందును సాధారణంగా లక్షణాలు మొదలైన 4.5 గంటలలోపు ఇవ్వాలి. కొందరికి ఆ తరువాత కూడా గొట్టం ద్వారా గడ్డను తీసే అవకాశముంటుంది గాని అది పెద్ద ఆసుపత్రులలోనే సాధ్యం. పెద్ద నాళం మూసుకుపోతే నిమిషానికి సుమారు 19 లక్షల నాడీకణాలు నశిస్తాయని ఒక ప్రసిద్ధమైన అంచనా ఉంది. గుండెపోటులోనూ అంతే, నాళాన్ని ఎంత త్వరగా తెరిస్తే గుండె కండరం అంత మిగులుతుంది. గుండె పూర్తిగా ఆగిపోతే లెక్క ఇంకా కఠినమైనది. ఛాతీని నొక్కే ప్రాథమిక చికిత్స అందకపోతే ప్రతి నిమిషానికీ బతికే అవకాశం 7 నుంచి 10 శాతం చొప్పున తగ్గుతుంది. మా ఇంటి నుంచి అన్ని విభాగాలూ ఉన్న ఆసుపత్రి కారులో ఏడు నిమిషాలు. మొదటి వరుసలో హబ్సిగూడకు మార్కు వేశాను.

రెండవ వరుస గాలి. ఇక్కడ నేను అనుకున్నంత సులువుగా తీర్పు రాలేదు. పాత కాలనీలో వాహనాల పొగ ఎక్కువ అనుకుంటాము, అది ప్రధాన రహదారి మీద నిజమే. కాని రహదారి నుంచి రెండు మూడు వందల మీటర్లు లోపలికి వెళితే ఆ పొగ చాలావరకు పలచబడుతుంది. శివారులో గాలి స్వచ్ఛమని అనుకుంటాము; అది చుట్టూ నిర్మాణాలు ముగిసిన తరువాతి మాట. అబ్బాయి బాల్కనీ నుంచి చూస్తే నలుదిక్కులా క్రేన్లు, ఇసుక లారీలు, గాలికి లేచే దుమ్ము. ఉబ్బసం, దీర్ఘకాల శ్వాసకోశవ్యాధి ఉన్నవారికి ఆ దుమ్ము కొన్నేళ్ళపాటు తప్పదు. రెండు వైపులా అరమార్కు వేశాను.

మూడవ వరుస నీరు. హబ్సిగూడలో జలమండలి నీరు వస్తుంది. అబ్బాయి ఉన్నచోట బోరు, దానికి తోడు ట్యాంకరు, రెండింటినీ మృదువు చేసే యంత్రం. బోరునీటి మీద చాలామందికి ఉన్న భయం కిడ్నీలో రాళ్ళ గురించి. గట్టినీటికీ రాళ్ళకూ ఉన్న సంబంధం అంత బలమైనదిగా రుజువు కాలేదు. నీరు తక్కువ తాగడమే పెద్ద కారణం. పట్టించుకోవలసింది ఫ్లోరైడును, నైట్రేటును, సూక్ష్మజీవులను. భారతీయ ప్రమాణాల ప్రకారం తాగే నీటిలో ఫ్లోరైడు లీటరుకు 1 మిల్లీగ్రాము మించకూడదు. వేరే దారి లేనప్పుడు 1.5 వరకు. కరిగిన లవణాలు 500 మిల్లీగ్రాములలోపు ఉంటే మేలు. ఇది పరీక్ష చేయించి సరిదిద్దుకోగలిగిన విషయం కనుక దీనికి పెద్దగా ప్రాధాన్యం ఇవ్వలేదు.

నాలుగవ వరుస మనుషులు. వీధిలో నన్ను "డాక్టరు గారూ" అని పలకరించేవారు యాభైమంది ఉంటారు. మతిమరుపు వ్యాధికి దారితీసే, మనం సరిదిద్దుకోగలిగిన 14 కారణాలను లాన్సెట్ కమిషన్ 2024లో ప్రకటించింది. వాటిలో వాయుకాలుష్యమూ ఉంది, మనుషులకు దూరమై ఒంటరిగా ఉండడమూ ఉంది. ఇంకొక మార్కు హబ్సిగూడకే. ఐదవ వరుసలో "నడిచి వెళ్ళగల దుకాణాలు" అని రాసి దానికీ మార్కు వేసి, కాగితాన్ని ఎంతో తృప్తిగా నా శ్రీమతికి ఇచ్చాను.

ఆమె కళ్ళజోడు పెట్టుకొని మొత్తం చదివింది. "అన్నీ రాశారు. మెట్లు రాయలేదేమండీ?" అన్నది.

నాకు వెంటనే అర్థం కాలేదు. "ఈ ఇంటికి యాభైనాలుగు మెట్లు. నేను కిందికి దిగి ఎన్ని రోజులైందో చెప్పగలరా?" అని అడిగింది. చెప్పలేకపోయాను. "పదకొండు రోజులు" అన్నది.

ఆమెకు మోకాళ్ళ కీళ్ళు అరిగాయని నాకు తెలుసు. మందులు రాసింది నేనే, వ్యాయామాలు చెప్పింది నేనే. కూరగాయల బండి వచ్చినప్పుడు బుట్టకు తాడు కట్టి బాల్కనీ నుంచి దింపడం నేను రోజూ చూస్తూనే ఉన్నాను. దానిని ఒక ముచ్చటగా అనుకున్నాను గాని, నా ఇంట్లో ఒక మనిషి వీధికి దూరమవుతున్న సూచనగా అనుకోలేదు. గుడికి ఎందుకు రావడం లేదంటే "పని ఉంది" అనేది, నమ్మాను. నడిచి వెళ్ళగల దుకాణాలు, తెలిసిన మనుషులు, చెట్లనీడ అని నేను మార్కులు వేసుకున్నవన్నీ నావి. యాభైనాలుగు మెట్ల పైనున్న ఆమెకు హబ్సిగూడ అయినా, కొల్లూరు అయినా, బాల్కనీ నుంచి కనిపించే దృశ్యమే.

ఆరోగ్యమైన మోకాళ్ళకు మెట్లు మంచి వ్యాయామం. అరిగిన మోకాళ్ళకు ఎక్కడం కంటె దిగడం బాధాకరం. దిగేటప్పుడు కీలు మీద శరీరబరువుకు మూడు రెట్లకు పైగా భారం పడుతుంది. నొప్పికి భయపడి మనిషి దిగడం మానేస్తే తొడకండరాలు నీరసిస్తాయి. కండరాలు నీరసిస్తే నొప్పి పెరుగుతుంది, పడిపోయే ప్రమాదం పెరుగుతుంది. ఎండ తగలదు. పలకరింపులు తగ్గుతాయి. నెమ్మదిగా నిద్ర, ఆకలి, ఉత్సాహం తగ్గుతాయి. ఇదంతా ఎన్నోసార్లు ఇతరులకు చెప్పినవాడిని.

అంతకంటె సిగ్గుపడవలసిన జ్ఞాపకం ఒకటి అప్పుడే వచ్చింది. నాలుగేళ్ళ క్రితం మా భవనంలోనే, మా అంతస్తులోనే, ఒక విశ్రాంత ఉపాధ్యాయుడికి గుండెపోటు వచ్చింది. అంబులెన్సు త్వరగానే వచ్చింది. కాని స్ట్రెచరు మెట్లమలుపులో తిరగలేదు. చివరికి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి నలుగురు యువకులు మోసుకొని దించారు. మంచం నుంచి వాహనం దాకా ఇరవై నిమిషాలు పట్టింది. నాడి పట్టుకొని వెంట దిగినవాడిని నేనే. అయినా నా కాగితంలో "ఆసుపత్రి ఏడు నిమిషాలు" అని రాశాను. ఆ ఏడు నిమిషాలు మా గేటు దగ్గర మొదలవుతాయి, మా మంచం దగ్గర కాదు.

కాగితం పక్కన పెట్టి ఇద్దరం ఒక నెలరోజులు కొల్లూరులో ఉండి చూద్దామనుకున్నాము. కొనే ముందు అద్దెకో, పిల్లల దగ్గరో కొన్నాళ్ళు ఉండి చూడటం మంచిదని ఆ నెల నాకు నేర్పింది.

మొదటి రెండు వారాలు నా శ్రీమతి ముఖంలో వెలుగు చూశాను. లిఫ్టులో దిగి ఉదయం, సాయంత్రం నడకదారిలో నడిచేది. మొదట పది నిమిషాలు, తరువాత ఇరవై. పెద్దవారికి వారానికి 150 నిమిషాల నడక అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది; చాలా ఏళ్ళ తరువాత ఆమె దానికి చేరువైంది. రాత్రి హారన్లు లేవు, నిద్ర బాగా పట్టేది. మనవరాలు బడి నుంచి రాగానే నేరుగా నాయనమ్మ దగ్గరికి వచ్చేది.

మూడవ వారంలో రెండవ వైపు కనిపించింది. అబ్బాయి, కోడలు ఉదయం ఎనిమిదికి వెళ్ళి రాత్రి ఎనిమిదికి వచ్చేవారు. ఆ పన్నెండు గంటలలో మేము గేటు దాటి నడిచి వెళ్ళగలిగిన చోటు ఒక్కటీ లేదు. దారి పొడవునా కాలిబాట లేదు, లారీలు ఉన్నాయి. మందు అయిపోతే ఫోనులో ఆర్డరు, కూర కావాలంటే ఫోనులో ఆర్డరు. నా శ్రీమతికి ఆ యాప్‌లు రావు. ప్రతిదానికీ నన్నో, కోడలినో అడగాలి. "అక్కడ మెట్లు ఆపాయి, ఇక్కడ గేటు ఆపింది" అన్నది ఒకరోజు. నాకు దుమ్ముతో దగ్గు మొదలైంది. ఒక రాత్రి మా పై అంతస్తులో ఒక పెద్దాయనకు ఆయాసం వస్తే నేను చూడటానికి వెళ్ళాను. ఆయనను పెద్ద ఆసుపత్రికి చేర్చడానికి యాభై నిమిషాలు పట్టింది. లిఫ్టులో స్ట్రెచరు మాత్రం హాయిగా పట్టింది.

నెల ముగిశాక మాకు ఒక విషయం స్పష్టమైంది. మేము రెండు ప్రాంతాలను పోల్చుకుంటున్నామని అనుకున్నాము గాని, ఆమెకు కావలసింది మెట్లు లేని ఇల్లు, గేటు బయట నడవగలిగిన వీధి. ఈ రెండూ ఒకేచోట దొరకవని ఎవరూ మాతో చెప్పలేదు, మేమే అనుకున్నాము. హబ్సిగూడలోనే, మా వీధికి రెండు వీధుల అవతల, లిఫ్టు ఉన్న భవనంలో మొదటి అంతస్తు ఇల్లు అద్దెకు దొరికింది. పాత ఇంటికంటె ఒక గది తక్కువ. మా ఇల్లు అద్దెకిచ్చి, పైన కొంత కలిపి ఆ అద్దె కడుతున్నాము. ఇంటిలో ఉన్న పుస్తకాలలో సగం ఇచ్చివేయవలసి వచ్చింది.

ఈ నిర్ణయానికి మూల్యం లేదని చెప్పను. అబ్బాయి బాధపడ్డాడు. మనవరాలిని ఇప్పుడు వారానికి ఒకసారే చూస్తున్నాము. మెట్రోలో మారకుండా రాయదుర్గం వరకు వెళతాము, అక్కడి నుంచి అబ్బాయి కారులో తీసుకువెళతాడు. మరో అయిదారేళ్ళ తరువాత మాలో ఒకరే మిగిలితే ఈ లెక్క మళ్ళీ వేయవలసి ఉంటుంది. అప్పుడు సమాధానం కొల్లూరే కావచ్చు.

మీ సమాధానం మాది కానవసరం లేదు. గచ్చిబౌలిలో ఉద్యోగం చేసే ముప్పై ఏళ్ళ దంపతులు హబ్సిగూడలో ఉండి రోజూ మూడు గంటలు రోడ్డు మీద గడిపితే, వారి వ్యాయామం, నిద్ర, వేళకు భోజనం అన్నీ ఆ మూడు గంటలలోనే పోతాయి. వారికి పడమటి శివారే ఆరోగ్యకరం. అందుచేత ప్రాంతం పేరు చెప్పి మంచిదా, చెడ్డదా అని నన్ను అడిగేవారికి ఇప్పుడు నేను సలహా చెప్పడం మానేసి, ఈ ప్రశ్నలు ఇస్తున్నాను.

1. ఇంట్లో అందరికంటె బలహీనమైన మనిషి ఒకరి సాయం లేకుండా వీధిలోకి వెళ్ళిరాగలరా? ఇల్లు ఆ మనిషి మోకాళ్ళతో చూడండి, మీ మోకాళ్ళతో కాదు.

2. మంచం నుంచి ఆసుపత్రి మంచం దాకా ఎన్ని నిమిషాలు? మెట్లు, లిఫ్టు, గేటు, రాత్రి రోడ్డు, అన్నీ కలిపి లెక్కించండి. స్ట్రెచరు లిఫ్టులో పడుతుందో లేదో కొలిచి చూడండి.

3. ఆ ఆసుపత్రిలో రాత్రి రెండింటికి సీటీ స్కాను, గుండె నాళాలను తెరిచే క్యాథ్‌ల్యాబ్ పనిచేస్తాయా? ముందుగానే వెళ్ళి అడిగి తెలుసుకోండి.

4. గేటు దాటి పదిహేను నిమిషాల నడకలో ఏమున్నాయి? కాలిబాట ఉందా? సాయంత్రం దీపాలు వెలుగుతాయా?

5. తాగే నీటిని, వాడే నీటిని పరీక్ష చేయించారా? వేసవిలో నీరు ఎక్కడి నుంచి వస్తుంది?

6. పెద్దవాన వస్తే నీళ్ళు ఎక్కడ నిలుస్తాయి? 2020 అక్టోబరు వానలకు రామంతపూర్, హబ్సిగూడ పల్లపు వీధులూ మునిగాయి. కొత్త లేఅవుటు అయితే అక్కడ ఒకప్పుడు చెరువు ఉండేదేమో పాత గ్రామస్థులను అడగండి. నీళ్ళు నిలిచిన చోట దోమలూ, డెంగీ భయమూ ఉంటాయి.

7. పగటిపూట పన్నెండు గంటలు ఇంట్లో ఎవరుంటారు? వారు మాట్లాడటానికి ఎవరున్నారు?

ఏ ఇంట్లో ఉన్నా మూడు పనులు ఈ వారమే చేయండి. ఇంటి గుర్తులతో సహా పూర్తి చిరునామాను తలుపు వెనుక పెద్ద అక్షరాలతో రాసి అంటించండి; 108కి ఫోన్ చేసేవారు కంగారులో చదివి చెప్పగలగాలి. వాచ్‌మన్‌కు అంబులెన్సును ఏ గేటు నుంచి, ఏ బ్లాకుకు పంపాలో ముందే చెప్పి ఉంచండి. ఇంట్లో కనీసం ఇద్దరు ఛాతీని నొక్కే ప్రాథమిక చికిత్స నేర్చుకోండి.

ఇల్లు మారాలా వద్దా అన్నది తీరికగా ఆలోచించవచ్చు. అంతకుముందు మీ ఇంట్లోని పెద్దవారి పక్కన కూర్చొని, వారు ఆఖరిసారి వీధిలోకి వెళ్ళింది ఎప్పుడో అడగండి. నేను పదకొండు రోజులు ఆలస్యంగా తెలుసుకున్నాను.